గిరాకీ లేని ఫోటోలు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో స్థానిక ఫోటో స్టూడియో యజమాని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండీ.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి రమ్మంటే ఫోటోలు తీయడానికే అనుకున్నాను. బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టి, ఎన్నింటికి రమ్మంటారని అడిగాను. కాదండీ, మీరు మాట్లాడాలి అన్నారు. 40 ఏళ్లుగా ఇలాంటి సభల్లో నేను నిలబడే చోటు అదిగో, ఆ స్తంభం పక్కన. మాట్లాడేవాళ్లు నోరు తెరిచినప్పుడు నొక్కితే ఆవలిస్తున్నట్టు వస్తారు. అందుకని నోరు మూసేదాకా కాచుకుని కూర్చోవడం మా పని. ఇవాళ అక్కడ కెమెరా పట్టుకున్న ఆ అబ్బాయి నా నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూస్తున్నాడు. కొంచెం సేపు పడుతుంది నాయనా.

నాకిచ్చిన విషయం ఏమిటంటే, రోజూ ఇన్ని పోస్టులు, ఇన్ని స్టేటస్‌లు పెడుతున్నాం కదా, బతుకులో నిజంగా ముఖ్యమైనవి వాటిలో ఎందుకు కనపడవు అని. మనసు, ఏకాగ్రత, ఒంటరితనం అంటూ దీని మీద చదువుకున్నవాళ్లు చాలా చెబుతున్నారు. అవి నాకు అంతగా తెలియవు. నాకు తెలిసింది గిరాకీ. షాపు నడిపినవాణ్ని కదా, ఆ మాట పట్టుకునే వెళతాను.

నేను 1983లో స్టూడియోలో పనికి చేరాను. నీళ్లు మోయడం, తెర దులపడం, డార్క్ రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో మందు కలపడం. అప్పుడు యాషికా కెమెరా, 120 రోలు. రోలుకి 12 ఫోటోలు. తర్వాత 36 ఫోటోల రోలు వచ్చింది. దాన్ని మేము రీలు అనేవాళ్లం. ఇప్పటి పిల్లలకి రీలంటే వేరే అనుకోండి. పెళ్లికి 3 రీళ్లు అని మాట్లాడుకునేవారు. నాలుగోది లోడ్ చేస్తుంటే పెళ్లికూతురి తండ్రి మొహం మారిపోయేది. అందుకని ప్రతి ఫోటోకీ ముందు ఒక లెక్క ఉండేది. ఇది ఆల్బంలో ఎక్కుతుందా, ఎక్కదా? ఎక్కితే డబ్బులు. ఎక్కకపోతే ఫిల్మూ పోయింది, కాగితమూ పోయింది. అంటే ఏది తీయాలో నేను చూసిన దాన్నిబట్టి ఉండేది కాదు, కొనేవాణ్నిబట్టి ఉండేది.

ఒక పెళ్లి చెబుతాను. 1991 వేసవి. ఊరి పేరు ఎందుకులెండి. తెల్లవారుజాము ముహూర్తం, మర్నాడు మధ్యాహ్నం అప్పగింతలు. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో, మావగారి చేతిలో పెట్టించడం, అందరూ ఏడవడం, అన్నీ తీశాను. కారు వెళ్లిపోయింది. అప్పుడు మాకు భోజనం పెడతారు. ఫోటోలవాడూ, మేళంవాళ్లూ ఎప్పుడూ ఆఖరి పంక్తే. తినేసి చేయి కడుక్కుని వచ్చేసరికి పందిట్లో ఎవరూ లేరు. అద్దె సామాను కుర్రాడు గ్లాసులు లెక్కపెడుతున్నాడు. పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. కండువా మీద పసుపు మరకలు అలాగే ఉన్నాయి. కుర్రాడు ‘బాబుగారూ, 2 గ్లాసులు తగ్గాయండీ’ అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. పందిరి గుంజ దగ్గర ఒక జత హవాయి చెప్పులు పడున్నాయి. నీలం రంగు పట్టీలు, ఒక పట్టీకి పిన్నీసు. అమ్మాయి కొత్త చెప్పులేసుకుని వెళ్లిపోయింది, పాతవి ఇక్కడ మిగిలాయి. ఆయన వంగి, రెండూ ఒక చేత్తో తీసుకుని, అరుగెక్కి, గుమ్మం పక్కన గోడవారగా పెట్టాడు. పెట్టి, ఒకటి కాస్త వంకరగా ఉంటే కాలితో సరిచేశాడు. అప్పుడు తిరిగి ‘ఎన్ని తగ్గాయన్నావురా?’ అని అడిగాడు.

నా కెమెరాలో ఇంకా 2 ఫోటోలకి ఫిల్ము ఉంది. తీయలేదు.

మీరు నన్ను గొప్పవాణ్ని అనుకోకండి. ఆయన దుఃఖాన్ని గౌరవించీ కాదు, ఇంకేమీ కాదు. ఈ ఫోటో ఎవడు కొంటాడు అనుకున్నాను. అంతే. మిగిలిన ఆ రెండూ మర్నాడు పొద్దున ఎవరికో పాస్‌పోర్టు సైజుకి వాడేశాను.

ఇప్పుడు ఫిల్ము ఖర్చు లేదు. పెళ్లికి 4 కెమెరాలు, పైన డ్రోను. 4 వేలు, 5 వేలు ఫోటోలు తీసి ఇస్తున్నాం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మండపం మీద మేము గోడ కట్టినట్టు నిలబడతాం. అక్షింతలు పట్టుకుని వచ్చిన చుట్టాలకి కనపడేది మా వీపులు. అందుకే వాళ్లు ఎల్ఈడీ తెర వైపు చూసి అక్షింతలు వేస్తున్నారు. తలంబ్రాలు సరిగ్గా రాకపోతే ‘అమ్మా, మళ్లీ ఒక్కసారి పొయ్యండి’ అంటాం. పంతులుగారు మంత్రం ఆపేసి మా వంక చూస్తాడు. అయినా ఇన్ని వేల ఫోటోల్లో ఆ చెప్పుల ఫోటో లాంటిది ఒకటి ఉంటుందేమో వెతకండి. ఉండదు. ఫిల్ము అయిపోయి కాదు కదా. గిరాకీ లేకే.

(సభలో ఒకరు: మీ ఇంట్లో పెళ్లికి?) అదీ అడిగేశారా! మా అబ్బాయి పెళ్లి 2017లో. సుముహూర్తం టైముకి నేను లైట్ బాయ్ మీద కేకలేస్తున్నాను, పెళ్లికొడుకు మొహం మీద నీడ పడుతోందని. తిరిగి చూసేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. నీడ లేకుండా వచ్చింది ఫోటో, చాలా బాగా వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ పేజీ రాగానే ఆల్బం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

సరే, పోస్టుల సంగతి. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009 ఫిబ్రవరిలో వచ్చింది. 2010లో ఇన్‌స్టాగ్రామ్. 2017లో వాట్సాప్‌లో 24 గంటల స్టేటస్. ఈ తేదీలన్నీ మా అబ్బాయి చెప్పాడు, వాడు హైదరాబాద్‌లో వెబ్‌సైట్ల పని చేస్తాడు. నాకు అర్థమైనంతలో జరిగింది ఇది: స్టూడియోలో నా ఫోటో గిరాకీ నాకు తెలియడానికి నెల పట్టేది. ఆల్బం ఇచ్చాక కొన్నాయన పేజీలు తిప్పుతుంటే, ఎక్కడ ఆగాడో, ఎక్కడ గబగబా తిప్పేశాడో చూసి నేర్చుకునేవాణ్ని. ఇప్పుడు 5 నిమిషాల్లో తెలిసిపోతుంది. కొత్త బండి ఆడుతుంది. బర్త్‌డే కేకు ఆడుతుంది. అరకు మంచు బాగా ఆడుతుంది. మధ్యాహ్నం మూడింటికి నాన్న నిద్రలేచి కళ్లజోడు వెతుక్కోవడం ఆడదు. ఒకసారి ఆడని బొమ్మ రెండోసారి ఎవరు వేస్తారండీ? నాలుగు నెలలు పోతే అసలు కెమెరా అటు తిరగడమే మానేస్తుంది. ఇంకో ఏడాది పోతే కన్ను కూడా తిరగదు. నాకు భయమేసేది అక్కడే. ఫోటో తీయకపోతే కొంప మునగదు. చూడ్డం మానేస్తే ఎలాగ?

ఇక్కడ మా కాలాన్ని వెనకేసుకొస్తాననుకోకండి. మా ఆల్బంలూ శుద్ధ అబద్ధాలే. స్టూడియోలో ఒక కోటు, ఒక టై, పనిచేయని టెలిఫోన్ ఒకటి ఉండేవి. ఊళ్లో సగం మంది కుర్రాళ్లు ఆ కోటుతోనే పెళ్లిచూపుల ఫోటో దిగారు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి మచ్చలు తీసేసేవాళ్లం. ఫిల్టర్ అనేది మీరు కనిపెట్టిందేం కాదు. కాకపోతే ఒక్కటి. అప్పుడు మమ్మల్ని చావింటికి కూడా పిలిచేవారు. పోయినాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండేసి, చుట్టూ పిల్లలు నిలబడి ఫోటో. 1980ల్లో నేనూ వెళ్లాను. బతికుండగా ఒక్క ఫోటో లేని మనిషికి మొదటిదీ చివరిదీ అదే. ఎవరికీ చూపించుకునే ఫోటో కాదు. అయినా డబ్బిచ్చి తీయించుకునేవారు, పెట్టెలో అడుగున దాచుకునేవారు.

మా అబ్బాయే ఇంకో సంగతి చెప్పాడు. అమెరికాలో ఎరిక్ మేయర్ అని వెబ్ డిజైన్ మీద పుస్తకాలు రాసినాయన ఉన్నాడు. ఆ రంగంలో అందరికీ తెలిసిన పేరట. 2014 జూన్‌లో ఆయన చిన్న కూతురు బ్రెయిన్ క్యాన్సర్‌తో చనిపోయింది. సరిగ్గా ఆరో పుట్టినరోజు నాడు. ఆ డిసెంబర్‌లో ఫేస్‌బుక్ వాళ్లు ఏడాది పొడుగునా పెట్టిన ఫోటోల్లోంచి ఏరి ‘మీ సంవత్సరం ఇలా గడిచింది’ అని అందరికీ చూపించారు. ఈయన తెరిస్తే కూతురి ఫోటో. చుట్టూ డాన్స్ చేస్తున్న బొమ్మలు, బెలూన్లు. మిషన్‌కి ఏం తెలుసు, ఆ ఏడాది ఎక్కువమంది స్పందించిన ఫోటో అదే అయి ఉంటుంది. దాని లెక్క ప్రకారం గిరాకీ ఉన్న సరుకు. మనుషులు కావాలని చేశారని ఆయన కూడా అనలేదు. తర్వాత ఫేస్‌బుక్ తరఫున క్షమాపణ చెప్పారు.

దీనికి ముందు జరిగిన ముక్క నాకు ఇంకా బాగా పట్టుకుంది. ఆ పిల్ల చనిపోయిన నెలలోనే ఆయన తోటివాళ్లు వెబ్ పేజీల్లో వాడే రంగుల పేర్లలో ఆ పిల్ల పేరుతో ఒక ఊదారంగు చేర్చారు. ముద్దుపేరు పెడదామని అనుకున్నారట. తండ్రి ఒప్పుకోలేదు. ఆరేళ్లొస్తే నేను పెద్దదాన్ని, నన్ను ముద్దుపేరుతో పిలవకూడదు, పూర్తి పేరుతో పిలవాలి అని అందట ఆ పిల్ల. ఆరేళ్ల మనిషిగా ఆమె బతికింది కొన్ని గంటలే. అందుకని పూర్తి పేరు పెట్టారు, ‘రెబెకా పర్పుల్’. ఇవాళ మీ ఫోన్లో ఏ బ్రౌజర్ ఉన్నా అందులో ఆ రంగు ఉంటుంది. ఎవరికీ కనపడదు. దానికి లైకుల్లేవు, షేర్లు లేవు. మా అబ్బాయి దాన్ని నాకు ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి చూపించాడు. వంకాయ రంగు.

మా షాపులో ఇప్పుడు ఎక్కువ పని ఏమిటో తెలుసా అండీ? ఎవరైనా పోతే ఫోటో పెద్దది చేయడం. పెద్దకర్మకి గోడకి పెట్టాలి కదా. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు వచ్చాడు, 30 ఏళ్లుంటాయి. తల్లి పోయి నాలుగో రోజు. ‘బాబాయ్, ఇందులో ఎక్కడో మా అమ్మ ఉంటుంది, చూసి పెద్దది చెయ్యి’ అని ఫోన్ ఇచ్చాడు. 11 వేల ఫోటోలున్నాయి అందులో. ఇద్దరం స్టూలు మీద కూర్చుని వెనక్కి జరుపుకుంటూ వెళ్లాం. గోవా. జిమ్ము. ఆఫీసులో దీపావళి. సినిమా టికెట్లు. గుండిగలో బిర్యానీ. అమ్మ గ్రూపు ఫోటోల్లో ఉంది, కానీ ఎప్పుడూ ఆ చివర. సగం భుజం ఉంటుంది, లేకపోతే పక్కవాడి చెయ్యి అడ్డం వస్తుంది. ఒకదాంట్లో కళ్లు మూసేసింది. ఒకదాంట్లో పిల్లాణ్నెత్తుకుని మొహం వాడి వెనక దాచేసుకుంది.

సంక్రాంతి నాడు తీసిన ఒక ఫోటో దగ్గర ఆగాడు. పళ్లెం నిండా అరిసెలు. పైకి చూస్తే, నూనె మరిగే మూకుడు అంచు, అరిసెలు నొక్కే రెండు చెక్కలు, వాటిని పట్టుకున్న రెండు చేతులు. మోచేతుల దాకా. గాజుల మధ్యన ఒక రబ్బర్ బ్యాండు. మనిషి లేదు. ‘దీన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాను బాబాయ్, 100కి పైగా లైకులొచ్చాయి’ అన్నాడు. అని కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పాడు. ఫోటో తీస్తుంటే ‘జరగమంటావా’ అని అడిగిందట. ‘కొంచెం పక్కకి జరుగమ్మా, ప్లేటు పడట్లేదు’ అన్నాడట.

చివరికి ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేశాను. ఆధార్ ఫోటో ఎలా ఉంటుందో మీకు తెలుసు, నేనెంత బాగుచేసినా అంతే. డబ్బులిచ్చి మెట్లు దిగి మళ్లీ వెనక్కొచ్చాడు. ఆ చేతులవరకే కోసి పాస్‌పోర్టు సైజులో ఇవ్వగలవా అన్నాడు. ఒక షీటు మీద 8 వస్తాయి, 8 ఏం చేసుకుంటావురా అన్నాను. ‘ఇద్దరక్కలున్నారు’ అన్నాడు.

వాడు దుర్మార్గుడు కాదండీ. ప్రతి ఇంట్లో ఉన్న కుర్రాడే. నా దగ్గర మా అమ్మ ఫోటో ఒకటుంది, అదీ నేను తీసింది కాదు, నా దగ్గర పనిచేసిన కుర్రాడు తీశాడు.

ఇంకోటి ఆలోచించండి. మన తెలుగువాళ్లం కోట్లమందిమి తిరుమల వెళతాం. గర్భగుడిలో స్వామి ముందు ఎవరైనా సెల్ఫీ దిగారా? ఫోన్లు ముందే డిపాజిట్ చేయించుకుంటారు. పోస్టుల్లో మనం పెట్టేది గుండ్లు గీయించుకుని గుడి బయట దిగిన ఫోటో. కానీ దర్శనం ఎలా జరిగిందని అడగండి, అరగంట చెబుతారు. మహాద్వారం దాటగానే కాళ్లు కడిగిన నీళ్లు, వెండివాకిలి దగ్గర తోపులాట, బంగారువాకిలి దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీయాలా ఉంచుకోవాలా అని తికమక, ‘జరగండి, జరగండి’ అని భుజం మీద చెయ్యి, వెనక్కి తిరిగి నడుస్తూ ఇంకొక్కసారి చూడ్డం. చూసింది రెండు మూడు సెకన్లు. ఏం కోరుకుందామనుకున్నామో మర్చిపోయామని కూడా గుర్తుంటుంది!

ఫోటో తీసింది గుర్తుంటుందా, ఊరికే చూసింది గుర్తుంటుందా అని అమెరికాలో ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీలో లిండా హెంకెల్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఒక పరీక్ష చేసింది. 2014 నాటి సంగతి. విద్యార్థుల్ని మ్యూజియం చూడ్డానికి తీసుకెళ్లి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమంది, కొన్నిటిని ఫోటో తీయమంది. మర్నాడు అడిగితే ఫోటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. కెమెరాకి అప్పజెప్పేశాం కదా అని బుర్ర పని మానేసినట్టు. ఇది వినగానే నా వృత్తి మీద నాకే అనుమానం వచ్చింది. కానీ అందులోనే ఇంకో ముక్క ఉంది. వస్తువు మొత్తాన్ని కాకుండా, దానిలో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకి మాత్రం ఆ మరుపు రాలేదు. అంటే కాస్త ఆగి, ఏది తీయాలి అని చూసినవాళ్లకన్నమాట. మా ఫోటోగ్రాఫర్లకి కొంచెం ఊరట.

పోస్టులే తప్పని నేననను. మన జిల్లా నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌లో ఇళ్లపనికి వెళ్లి ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. వాళ్లకి ఆ స్టేటస్‌లే ప్రాణం. సెలవు మీద వచ్చిన ఒకావిడ ఫోన్లోంచి ప్రింట్లు వేయించుకోవడానికి వచ్చింది. కూతురి పుట్టినరోజు ఫోటోలు, ఓణీల ఫంక్షన్ ఫోటోలు నేను తీసినవే ఉన్నాయి, మంచి క్లారిటీ. అవేవీ వద్దంది. వీడియో కాల్ మధ్యలో నొక్కుకున్న స్క్రీన్‌షాట్ ఒకటి చూపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పిల్ల నిద్రపోయింది, నోరు తెరుచుకుని. ఫోను పక్కకి ఒరిగిపోయి సగం దిండే కనపడుతోంది. ‘అమ్మా, ఇది పెద్దది చేస్తే గళ్లుగళ్లుగా వస్తుంది’ అన్నాను. ‘రానీ అన్నయ్యగారూ, అదే కావాలి’ అంది. అది కాల్ కట్ చేయకుండా అలాగే గంటసేపు చూస్తూ కూర్చున్న రోజట. 40 ఏళ్లలో అంత చెత్త ప్రింటు నేను వేసి ఉండను. దాన్ని ల్యామినేషన్ కూడా చేయించుకుంది. దానికి కొనేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఒక్కరే, ఆ ఒక్కరూ కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు.

అబ్బాయి, నోరు మూసే టైమొచ్చింది, రెడీగా ఉండు.

చివరగా చిన్న పని ఉంది. మా షాపులో ఒక రేకు పెట్టె ఉంది. ఆర్డరిచ్చి, అడ్వాన్సు కట్టి, తీసుకెళ్లడానికి రానివాళ్ల ఫోటోల కవర్లు ఉన్నాయి అందులో. 1986 నుంచి 2000 దాకా. దీన్నిప్పుడు మా అబ్బాయి పారేయమంటున్నాడు. దేనికీ మొహాల మీద పేరు రాసి లేదు, కవర్ల మీద నంబర్లు, ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఆ పెట్టె ఇవాళ ఇక్కడికి తెచ్చాను, పేపర్లు చదివే బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు చూసుకోండి. మీ నాన్నగారో, మేనత్తో కనపడితే తీసుకెళ్లండి. కవరు మీద బ్యాలెన్సు 8 రూపాయలో, 12 రూపాయలో రాసి ఉంటుంది, అది ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. వేలు తడి చేసుకుని మాత్రం తిప్పకండి, ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, ఊడొచ్చేస్తాయి.